ఇరవై ఏడో మడత

జూన్ 8, ఆదివారం

నలభై ఒకటో కాగితం కూడా చెత్తబుట్టలోకే వెళ్ళింది.

కనకాంబరానికి ఐదు రెక్కలు, ఐదూ ఒకే పక్కకి. మిగతా పువ్వులన్నీ బుద్ధిగా చుట్టూ విచ్చుకుంటాయి. దీనికి మాత్రం ఒక పక్క విసనకర్ర, ఇంకో పక్క ఏమీ ఉండదు. పన్నెండేళ్ళుగా ఎవరెవరో కనిపెట్టిన కాగితపు కొంగలూ తామరలూ జనానికి నేర్పిస్తున్నాను. నాదంటూ ఒక్క పువ్వు లేదు. నలభై ఆరేళ్ళకి ఈ కోరిక పుట్టడమేమిటో, అదీ ఇంత మొండి పువ్వు మీద.

ఒక చదరపు కాగితం. కత్తెర ముట్టుకోకూడదు, జిగురు ముట్టుకోకూడదు. మా ఆదివారం ఓరిగామి గుంపు మొదలైన రోజు బోర్డు మీద ఈ రెండు మాటలూ రాసింది నేనే. కింది మూల గొట్టమవుతుంది. మిగతా మూడు మూలలూ మూడు రెక్కలు. పై అంచుల మధ్యలోంచి ఇంకో రెండు లాగాలి. అంతవరకూ బాగానే వస్తోంది. ఆ తరవాత మెడ దగ్గర రెండో రెక్కనీ నాలుగో రెక్కనీ లోపలినుంచి బయటికి తిప్పాలి. అక్కడ కాగితం వినదు.

ఆఫీసులో సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ రాసే టీంలో ఆరుగురం ఉండేవాళ్ళం. మార్చి నుంచి నేనొక్కదాన్నే. మిగతా ఐదుగురి పనీ మిషన్ చేస్తుందట, అది రాసింది నేను దిద్దాలట. రోజంతా ఎవరూ రాయని వాక్యాలు దిద్ది ఇంటికొచ్చాక, నా చేత్తో నేను చేసింది ఏదైనా ఒకటి కంటికి కనిపించాలనిపిస్తుంది.

జూన్ 10

కాలేదు.

జూన్ 11

కాలేదు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో గంటసేపు బస్సులోనే. నడుము నొప్పి.

జూన్ 15, ఆదివారం

చర్చి నుంచి వచ్చి గంట పడుకుని, నాలుగింటికి పార్కు పక్క కమ్యూనిటీ హాలుకి వెళ్ళాను. తొమ్మిది మంది వచ్చారు. నేర్పే ఓపిక నాకు లేకపోతే తామర ఫయాజ్ నేర్పించాడు. కర్నూలు కుర్రాడు, ఏదో కంపెనీలో టెస్టర్. నాతో పాటు గుంపు నడిపేది అతనే. పిల్లలు అతని మాటే ఎక్కువ వింటారు.

అంజినమ్మ చేతులు చూస్తే నాకు అసూయ పుడుతుంది, రాసుకుంటే తప్పేముంది. దొడ్డబళ్ళాపురంలో మగ్గాల ఇంట్లో పుట్టిందట. చిక్కపేటలో పట్టుచీరల కొట్టులో ముప్పై ఏళ్ళుగా చీరలు మడతపెడుతోంది. కొనడానికొచ్చిన వాళ్ళు యాభై చీరలు విప్పించి, ఒక్కటీ నచ్చలేదని లేచి పోయాక, వాటిని ఎవరూ ముట్టుకోనట్టు మడిచేది ఆవిడే. యాభై తొమ్మిదేళ్ళు. ఇక్కడ సెక్టార్ టూలో కొడుకు దగ్గర ఉంటుంది. ఆదివారం కొట్టుకి సెలవు కాబట్టి మా దగ్గరికొచ్చి మళ్ళీ మడతలే పెడుతుంది.

"సెలవు రోజు కూడా ఇదేనా అక్కా" అని ఫయాజ్ అడిగితే, "చీర మడిస్తే చీరే ఉంటాది. కాగితం మడిస్తే ఇంకోటి అవుతాది గదప్పా" అంది.

జూన్ 21, శనివారం

తిరిగింది.

పొద్దున పదిన్నరకి. యాభై మూడో కాగితం. మూడు రోజులుగా ఈ ఒక్కదాన్నే మడిచి విప్పి మడుస్తున్నాను. గోరు లోపలికి పెట్టి నెట్టగానే రెండో రెక్క బయటికొచ్చేసింది. వెనకే నాలుగోది. లోపల ఎక్కడో చిన్న చప్పుడైంది. కాగితమన్నాక చప్పుడు కాదా. ఐదు రెక్కలూ ఒకే పక్కకి, సన్నటి మెడ మీద. నిజం కనకాంబరం లాగే ఉంది. నేను చేశాను. ఇంతవరకూ ఈ ప్రపంచంలో ఎవరూ చెయ్యలేదు, నేను చేశాను.

టిఫిన్ తినడం కూడా మర్చిపోయి కిందికి పట్టుకెళ్ళి పూలబండి లక్ష్మమ్మకి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒకటే ఉండాదా? ఒకటి పెట్టుకుని ఏం కట్టేది" అని నా చేతిలో పెట్టేసింది. నవ్వొచ్చింది. ఈమధ్య నవ్వొచ్చిన రోజులు తక్కువ.

జూన్ 23, సోమవారం

పువ్వుని కిటికీ వెలుగుకి పట్టుకుని చూశాను. ఎందుకు చూశానో. మెడ లోపల, ఎవరికీ కనిపించని చోట, నాలుగు మిల్లీమీటర్ల చిరుగు ఉంది. ఆ చిరుగులోంచే రెక్కలు తిరిగాయి.

చిరుగు వేరు, కోత వేరు. నేను కత్తెర ముట్టుకోలేదు. పైగా చిరక్కుండా కూడా తిరుగుతుంది, తిరక్కేం. కొత్త కాగితం మీద చేస్తే తెలిసిపోతుంది.

జూన్ 26

కొత్తవి నాలుగు చేశాను. తిరగలేదు. వానలు పడుతున్నాయి, తేమకి కాగితం మెత్తబడిపోతోంది. ఎండాకాలం అయితే తిరిగేది.

జూన్ 27

ఇంకో మూడు. తేమే.

జూన్ 29, ఆదివారం

డిసెంబరులో దేశంలోని ఓరిగామి వాళ్ళందరూ కలిసే సభ ఉంది. ఆ సభ పుస్తకానికి డిజైన్లు పంపడానికి రేపే ఆఖరు. ఈసారి తప్పితే ఇంకో రెండేళ్ళు. అప్పటికి నాకు ఈ ఓపిక ఉంటుందో లేదో.

ముప్పై నాలుగు బొమ్మలు గీశాను. నా గీత బాగుంటుంది, ఆ మాట అందరూ అంటారు. ఇరవై ఏడో బొమ్మ దగ్గర, మెడలోంచి రెక్క తిప్పే చోట, వంకర బాణం వేసి కింద 'ఇక్కడ కొంచెం ఓపిక కావాలి' అని రాశాను. పదహారేళ్ళుగా మాన్యువల్స్ రాస్తున్నాను. ఏ బటన్ సరిగ్గా పని చెయ్యదో దాని పక్కనే ఇలాంటి వాక్యం పెడతామని నాకు తెలియక కాదు. అయినా ఓపిక కావాలన్నది అబద్ధం కాదు కదా.

ఫయాజ్‌కి ఫోన్లో చూపించాను. "మార్తక్కా, సూపర్. పంపించెయ్" అన్నాడు. మడిచి చూస్తావా అని అడిగాను. ఈ వారం ఆఫీసులో రిలీజ్ ఉందన్నాడు. బలవంతం చెయ్యలేదు.

పంపేశాను.

జూలై 6, ఆదివారం

నా పువ్వుని మిఠాయి డబ్బాలో పెట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను. అందరూ చుట్టూ చేరారు. ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవద్దని నేనే చెప్పాను. డయాగ్రమ్ పదకొండు కాపీలు పంచాను. పేజీ పైన నా పేరు. అచ్చులో ఎన్నోసార్లు చూసిన పేరే, మాన్యువల్స్‌లో ఆఖరి పేజీ అడుగున, చీమ తలకాయంత. ఇది వేరు.

అంజినమ్మ కాగితాన్ని పొడుగ్గా మడిచి పర్సులో పెట్టుకుంది. "మా కొట్టుకి దసరాకి జనాలొస్తారు. ఒక బుట్టెడు చేసి గల్లా దగ్గర పెడతా" అంది.

ఆవిడకి మాత్రం ఇవ్వకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తోంది. ఎందుకో తెలియదు.

జూలై 13, ఆదివారం

ఎవరికీ రాలేదు. అందరూ ఇరవై ఏడు దగ్గరే ఆగిపోయారు. "నా వేళ్ళు లావక్కా, బిర్యానీకి పనికొస్తాయి గానీ దీనికి కాదు" అని ఫయాజ్ నవ్వేసి తన తామరలు తను చేసుకున్నాడు. పిల్లలు కొంగల మీదికి వెళ్ళిపోయారు. నన్ను ఒక్కళ్ళు కూడా అనుమానించలేదు.

అంజినమ్మ ఒక్కతే కదలకుండా కూర్చుంది. ఐదింటిదాకా మడిచింది. వెళ్ళేటప్పుడు నా దగ్గరికొచ్చి, "ఈడ ఎట్ల తిప్పేదో ఒకసారి నీ చేత్తో చూపించప్పా" అంది.

నడుము నొప్పిగా ఉందన్నాను. నొప్పి ఉన్నమాట నిజమే. చేతికి అలవాటు కావాలక్కా, మెల్లగా వస్తుంది అన్నాను. సరేనని తలూపింది.

జూలై 16

పుస్తకంలోకి తీసుకున్నారు. రంగుల పేజీ ఇస్తారట. ఈమెయిల్ మూడుసార్లు చదివాను. ఆఫీసులో చెప్పడానికి ఎవరూ లేరు. ఇంటికొచ్చి అన్నం వండుకుని, పచ్చడేసుకుని తిన్నాను.

జూలై 20, ఆదివారం

అంజినమ్మ ఈరోజు గుడ్డసంచీ తెచ్చి బల్ల మీద గుమ్మరించింది. నారింజ కాగితాలు ముప్పై ఎనిమిది. ఒక్కొక్కటీ తీసి చూశాను. ఇరవై ఆరు దాకా ఒక్క మడత పక్కకి పోలేదు. నావి కూడా అంత బాగా ఉండవు. ముప్పై ఎనిమిదీ మెడ దగ్గర ఆగిపోయి ఉన్నాయి. వాటిలో చాలావాటికి అక్కడ గోటి గుర్తులు.

చుట్టూ ఎవరూ లేకుండా చూసి మెల్లగా చెప్పింది.

"నా తలకాయి బాగలేదప్పా. పోయిన నెల సాంబారులో ఉప్పు రెండుసార్లు ఏసినా. బస్సులో దిగే స్టాపు దాటి పోయినా. మా కోడలు అర్పిత పెద్దగా ఏమీ అనలేదు గానీ చూస్తానే ఉండాది. మా అమ్మకీ ఇట్లే మొదలైంది. ఆఖరికి నన్నెవరని అడిగేది. నేననుకుంటి, ఉప్పు ఎవరైనా మర్సిపోతారు, స్టాపు ఎవరైనా మర్సిపోతారు. చెయ్యి బాగుంటే నాకేం కాలేదని. బొమ్మ చూసి మడిచేది నాకెప్పుడూ తప్పలేదు. ఇప్పుడు చెయ్యి గూడా పాయె."

నేను ఆవిడ వైపు చూడలేదు. కాగితాలు సంచీలో సర్దుతూ, ఇది కష్టమైన డిజైన్ అక్కా, అందరికీ రాదు అన్నాను.

"నీకొచ్చింది గదా" అంది.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. అంతలో ఎవరి అమ్మో వచ్చి పాప కొంగకి తోక ఎందుకు రాలేదని అడిగింది. వెళ్ళి తోక చూపించి తిరిగొచ్చేసరికి అంజినమ్మ లేదు.

జూలై 21

పాప కొంగ తోక రెండు నిమిషాల్లో వచ్చింది. అంజినమ్మ అప్పటికి చెప్పులు కూడా వేసుకుని ఉండదు. వెనకాలే వెళ్ళగలిగేదాన్ని.

జూలై 24

ఉప్పు ఎవరైనా రెండుసార్లు వేస్తారు. నేనూ వేశాను. ఆవిడే ఎక్కువ ఊహించుకుంటోంది.

జూలై 27, ఆదివారం

అంజినమ్మ రాలేదు.

జూలై 29, మంగళవారం

మధ్యాహ్నం అర్పిత ఫోన్ చేసింది. గ్రూపులోంచి నా నంబరు తీసుకుందట.

"మేడమ్, సారీ, ఆఫీస్ టైమ్‌లో డిస్టర్బ్ చేస్తున్నా. అత్త కొట్టు మానేశారు. ఓనర్ భుజంగరావు గారికి ఫోన్ చేసి నాకు మతి పోతోంది, వేరే మనిషిని చూసుకోండి అని చెప్పేశారు. ముప్పై ఏళ్ళ పని మేడమ్. వంటింట్లోకి కూడా రావట్లేదు, గ్యాస్ ముట్టుకుంటే ఇల్లు కాలుస్తానేమో అంటున్నారు. అడిగితే మీ పేపర్ పువ్వు చెయ్యలేకపోయానంటారు. మీరు కొంచెం ఈజీది ఏదైనా నేర్పిస్తారా? అట్లైనా ధైర్యం వస్తుందేమో. పదకొండో తారీకు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం, మెమరీ టెస్ట్‌కి."

సరే అన్నాను. ఈజీది నేర్పిస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక ఆఫీసు బాత్రూంలోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను. నేను ఇంత పాపిష్టిదాన్నని నాకు తెలియదు.

జూలై 30

వెళ్ళలేదు. వాన.

జూలై 31

వాన లేదు. వెళ్ళలేదు. పువ్వు డబ్బాలో ఉంది. చాలా అందంగా ఉంది. పుస్తకం వాళ్ళు ఫొటో అడుగుతున్నారు.

ఆగస్టు 2, శనివారం

వెళ్ళాను. అంతా రాసుకోవాలి, ఒక్క ముక్క వదలకుండా.

కొడుకు పునీత్ జిగణి ఫ్యాక్టరీలో షిఫ్టుకి వెళ్ళాడు, అర్పిత కూరగాయలకి కిందికి దిగింది. అంజినమ్మ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో ఊరికే కూర్చుని ఉంది. ఆ చేతులు ఒళ్ళో ఖాళీగా ఉండటం మొదటిసారి చూశాను.

నిలబడే చెప్పాను. "అక్కా, ఇరవై ఏడోది ఎవరికీ రాదు. నాకూ రాదు. నా కాగితం లోపల చిరిగింది, అందుకే రెక్క తిరిగింది. చిరక్కపోతే తిరగదు. మీ చేతిలో ఏ తప్పూ లేదు. మీకేం కాలేదు."

ఆవిడ నవ్వింది. కోపంగా కాదు, చిన్నపిల్లని చూసి నవ్వినట్టు.

"అర్పిత చెప్పి పంపించిందా?"

"లేదు. నిజంగానే చెప్తున్నా."

"నా మనసు కష్టపడకూడదని చెప్తాండావు. మా అమ్మకి నేను గూడా ఇట్లే చెప్పేదాన్ని. నీకేం కాలేదమ్మా, తాళంచెవి నేనే ఆడ పెట్టి మర్సిపోయినా అని. దినాము చెప్పేదాన్ని. పుణ్యం వస్తాది అప్పా నీకు, కూసో."

ఇలా అవుతుందని అనుకోలేదు. నిజం చెప్తే తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. నమ్మదని మాత్రం అనుకోలేదు. ఎన్ని మాటలు చెప్పినా అన్నీ ఓదార్పు కిందే జమవుతున్నాయి. చివరికి డబ్బా మూత తీసి పువ్వుని ఆవిడ ముందు టీపాయ్ మీద పెట్టాను. ఉన్నది అదొక్కటే. ముప్పై నాలుగో మడత దగ్గర్నుంచి వెనక్కి విప్పడం మొదలుపెట్టాను. రెక్కలు పోయాయి, గొట్టం పోయింది. "ఏం చేస్తాండావు, చెడిపోతాది" అని చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని ఇరవై ఏడు దాకా విప్పి, మెడ తెరిచి ఆవిడ చేతిలో పెట్టాను.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. మెడ లోపల వేలు పెట్టి చూస్తే, చిరుగులోంచి ఆవిడ గోరు బయటికి వచ్చింది. గోటి వైపు చాలాసేపు చూసింది. అంచు మీద వేలు పెట్టి రాసింది.

"మడిచిన దాని మీదే మడిచి మడిచి తెగింది ఇది. చీర గూడా అంతే, ఒక్క గీత మీదే పెడతా ఉంటే జరీ తెగుతాది. ఇది నీకెప్పుడు తెలిసింది?"

"జూన్ ఇరవై మూడున."

"నాకు బొమ్మల కాగితం ఇచ్చింది?"

"జూలై ఆరు."

కుర్చీలో కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"నాలుగు వారాలప్పా. నాలుగు వారాలు నాకు నేనే పిచ్చిదాన్నని చెప్పుకుంటా కూసుంటి. పని వదిలేస్తిని. పొయ్యి ముట్టుకోలేదు. నువ్వు ఓపిక, ఓపిక అంటివి." గొంతు పెంచలేదు. "నువ్వు మంచిదానివనుకుంటి."

తప్పయిపోయిందన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళింది. లైటర్ చప్పుడు విన్నాను. కాఫీ వాసన వచ్చింది. ఒక గ్లాసు కాఫీ తెచ్చుకుని, నా ఎదురుగా కూర్చుని, మొత్తం తనే తాగింది.

ఆగస్టు 3, ఆదివారం

పుస్తకం వాళ్ళకి రాశాను. ఇరవై ఏడో స్టెప్ కాగితం చిరిగితే తప్ప కుదరదు, ఈ సంగతి పంపేముందే నాకు తెలుసు, డిజైన్ వెనక్కి తీసుకుంటున్నాను అని. మూడు వాక్యాలు. ఇంత శుభ్రంగా నేను ఈమధ్య ఏదీ రాయలేదు.

గుంపులో కూడా చెప్పాను. ఫయాజ్ చేతిలో కాగితం బల్ల మీద పెట్టేశాడు. తరవాత, "అయితే నా వేళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అన్నాడు. నవ్వలేదు.

ఆగస్టు 6, బుధవారం

అర్పిత మళ్ళీ ఫోన్ చేసింది. నాకు థాంక్స్ చెప్తుందనుకున్నాను. సిగ్గులేని ఆలోచన.

"మేడమ్, అత్త మళ్ళీ కొట్టుకి వెళ్తున్నారు, హ్యాపీనే. కానీ టెస్ట్‌కి రానంటున్నారు. నాకేం కాలేదు, తప్పు ఆ మార్తది అని ఇంటికొచ్చిన అందరికీ చెప్తున్నారు. మేడమ్, పువ్వు సంగతి వేరు. నిన్న పక్కింటి జ్యోతి గారింట్లోకి వెళ్ళి మనిల్లే అనుకుని కూర్చున్నారు. ఉప్పు, బస్సు, అవన్నీ మీ పువ్వు కంటే ముందే మొదలయ్యాయి. ఇప్పుడు ఎవరు చెప్పినా వినరు. మీరు చెప్తే వింటారేమో."

ఏం చెప్పను? మొదట ఓపిక పట్టమన్నాను, అది అబద్ధం. తరవాత మీకేం కాలేదన్నాను. అది నాకెలా తెలుసు? తెలిసింది మడత గురించి. మాట్లాడింది మనిషి గురించి.

ఆగస్టు 7

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టింది.

"అక్కా, నేను పువ్వు గురించి చెప్పింది నిజం. మీకేమీ కాలేదని మాత్రం నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పాను."

"జ్యోతి ఇంటి సంగతి చెప్పిందా అర్పిత?"

"చెప్పింది."

"మా ఇంటి సోఫా మాదిరే ఉండాది వాళ్ళది గూడా." తరవాత తలుపు పట్టుకుని, "నువ్వు వస్తావా సోమవారం? అర్పిత వద్దు. అది నా ఎదురుగా ఏడుస్తాది. నువ్వైతే ఏడవవు" అంది.

ఆగస్టు 11, సోమవారం

సెలవు పెట్టాను. ఆసుపత్రిలో మూడో అంతస్తు, టోకెన్ తొమ్మిది. డాక్టరమ్మకి ముప్పై ఐదేళ్ళుంటాయేమో, నెమ్మదస్తురాలు. అన్నీ కన్నడలోనే అడిగింది. నన్ను వెనక కుర్చీలో కూర్చోమని, సాయం చెయ్యొద్దని చెప్పింది.

ఈరోజు ఏ వారమంటే "శ్రావణ సోమవారం" అంది అంజినమ్మ. తారీకు అడిగితే పదకొండు అంది. డాక్టరమ్మ తాళంచెవి, కొబ్బరికాయ, కుర్చీ అని మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. వందలోంచి ఏడేసి తీసెయ్యమంటే అంజినమ్మ ఒక్కటీ తప్పలేదు. మళ్ళీ ఆ మూడు మాటలు అడిగితే తాళంచెవి, కుర్చీ వచ్చాయి. కొబ్బరికాయ రాలేదు. గడియారం బొమ్మ గుండ్రంగా వేసింది, అంకెలు సరిపోయాయి.

అప్పుడు డాక్టరమ్మ ఒక తెల్ల కాగితం ముందుకు జరిపింది. "ఈ కాగితం కుడి చేత్తో తీసుకోండి, సగానికి మడవండి, కింద నేల మీద పెట్టండి."

పరీక్షలో ఇది కూడా ఉంటుందని నాకు తెలియదు.

అంజినమ్మ కుడి చేత్తో తీసుకుంది. మడవలేదు. ట్యూబులైటుకి పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక్కి తిరిగి, "ఇది బాగుండాదా, ఏమన్నా చిరిగుండాదా?" అని నన్ను అడిగింది. డాక్టరమ్మకి ఏమీ అర్థం కాలేదు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. బాగానే ఉందన్నాను. అప్పుడు మడిచింది. అంచు మీద అంచు, వెంట్రుకవాసి తేడా లేకుండా. గోటితో గీత దువ్వి, ఒళ్ళో పెట్టుకుని, దాని మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ ఎదురుచూసింది. నేనూ ఎదురుచూశాను. అంజినమ్మ కదల్లేదు. డాక్టరమ్మ పెన్ను కాగితం మీదికి వెళ్ళింది.

ఉండబట్టలేకపోయాను. "మేడమ్, ఆవిడ ముప్పై ఏళ్ళుగా పట్టుచీరల కొట్టులో పని చేస్తున్నారు. మడిచినదాన్ని అక్కడ నేల మీద పెట్టనివ్వరు. అందుకే పెట్టలేదు" అన్నాను.

"ఓ, అదా" అని డాక్టరమ్మ నవ్వి టిక్ పెట్టింది. మూడు నెలలయ్యాక మళ్ళీ రమ్మంది, రక్తపరీక్షలు రాసిచ్చింది. బయటికొచ్చాక నాకు చాలా తేలిగ్గా అనిపించింది. నేను చేసిన దానికి కొంచెమైనా దిద్దుబాటు చేశాననిపించింది. బాగా చెప్పానని కూడా అనుకున్నాను.

లిఫ్టు దగ్గర అంజినమ్మ ఆగిపోయింది.

"నేల మీద పెట్టమనిందా ఆయమ్మ?"

"అంది కదక్కా."

"నువ్వు చెప్పింది నిజమే. కొట్లో మడిచిన చీర నేల మీద పెడితే భుజంగరావు చంపేస్తాడు. కానీ నేను అందుకని ఊరికే ఉండలేదప్పా. ఆయమ్మ ఆ మాట అనినట్టే నాకు గెవణం లేదు, గుర్తే లేదు."

లిఫ్టు వచ్చింది, వెళ్ళిపోయింది.

ఒక్క మార్కే కదక్కా, దానికేముంది అన్నాను. అంటూ ఉండగానే నా గొంతు నాకే వినిపించింది. ఓపిక కావాలని రాసిన గొంతు.

ఆవిడకి కూడా వినిపించినట్టుంది. నా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"పువ్వులో తప్పు నీది. అది నీది నువ్వే పెట్టుకో. ఇది నాది. దీన్ని దాంట్లో కలపొద్దు. పోయి చెప్దాం పద."

మళ్ళీ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాం. లోపల పదో టోకెన్ ఉంది. అరగంట పట్టింది. ఆ అరగంటా ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

తలుపు తెరుచుకోగానే లోపలికి వెళ్ళి, నేను చెప్పింది తప్పు మేడమ్, ఆవిడకి ఆ మాట గుర్తులేదు అన్నాను. డాక్టరమ్మ మా ఇద్దరి వైపూ చూసి ఫైలు తెరిచింది. టిక్ కొట్టేసి పక్కన సున్నా వేసింది. అంజినమ్మ బల్ల మీదికి వంగి, సున్నా సరిగ్గా పడిందో లేదో చూసుకుంది.